నీళ్లకంటే ముందు అంకె

అక్క సంచీలో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. అడుగున ఇంటింటి రిజిస్టరు. దాని మీద దూది, కట్టుగుడ్డ, కత్తెర, బీపీ మిషను. ఆ పైన రబ్బరు బ్యాండు వేసిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పక్క జేబులో రెండు థర్మామీటర్లు, ఒకటి మనుషులకి, ఇంకోటి గోడలకి. అన్నిటికీ పైన, జిప్పు లాగగానే చేతికి తగిలేటట్టు, రెండు లీటర్ల నీళ్ల సీసా, చుట్టచుట్టిన తువ్వాలు.

ఇరవై రెండేళ్లపాటు ఆ వరస మారలేదు. పోయిన ఏడాది వేసవిలో మారింది. మార్చమన్నది నేనే.

అక్క నా తోబుట్టువు కాదు. మా వార్డు క్లినిక్కులో నర్సు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడైన డాక్టరుగారి దగ్గర్నుంచి, పొద్దున్నే వచ్చి గదులు ఊడ్చే ఆవిడ దాకా అందరూ అక్కా అనే పిలుస్తారు. నేను అక్కడ ల్యాబు చూస్తాను. అంటే నాలుగడుగుల బల్ల, ఒక మైక్రోస్కోపు, రక్తపరీక్షల మిషను, ఒక ఫ్రిజ్జు. నా గదికి తలుపు లేదు, కర్టెనే. అందుకని హాల్లో అక్క మాట్లాడే ప్రతి మాటా నా చెవిన పడుతుంది.

మనిషి పొట్టి. నడక మాత్రం ఎవరో తరుముకొస్తున్నట్టు ఉంటుంది. తెల్ల కాన్వాసు బూట్లు మాసిపోతే వాటికి సుద్దముక్క రుద్దుకుని వచ్చేస్తుంది, ఉతికి ఆరబెట్టే తీరిక లేక. తన కింద ఉన్న ఆరువందల ఇళ్లని నంబర్లతో కాకుండా పైకప్పులతో గుర్తుపెట్టుకుంటుంది. “రేకింటి బాలింతకి పాలు పడుతున్నాయి,” “స్లాబింటి తాతయ్య షుగరు మాత్రలు మళ్లీ మానేశాడు,” ఇదీ వరస. చాలా ఏళ్ల కిందట ఒక రేకింట్లో రెండు నెలల పిల్ల పాలు మానేసి సొమ్మసిల్లిపోతే, అక్క పిల్లకి చూశాక అదే థర్మామీటరు గోడకి ఆనించి చూసిందిట. అది పనిచెయ్యలేదు. మర్నాడు బజారుకెళ్లి గది వేడి చూపించేది కొనుక్కొచ్చింది. అప్పట్నుంచీ ఏ ఇంటికెళ్లినా ముందు దాన్ని మేకుకి తగిలించి, పని ముగించి లేచేటప్పుడు చూసి, రిజిస్టరు అంచులో పెన్సిలుతో రాసుకునేది. నలభై ఒకటి. నలభై మూడు. ఒకచోట నలభై అయిదు, కింద రెండు గీతలు.

“అక్కా, ఆ గోడలకి కూడా మందు రాయమంటావా?” అనేవారు డాక్టరుగారు.

“రాయండి సార్. మనుషులకి రాసింది ఎలాగూ పనిచెయ్యట్లేదు.”

అక్కకి పెళ్లి కాలేదు. ఏడేళ్ల వయసులో అమ్మ పోతే, అమ్మ చెల్లెలు, అంటే పిన్ని, ఆమెని పెంచింది. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు, మూడో అంతస్తు డాబా మీద రేకులు వేసి కట్టిన గది. పిన్నికి అప్పటికి అరవై ఒకటి. ఆ ఇంటికి ఎదురుగా ఉన్న లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. చిన్న లాండ్రీ కాదు అది. ఊళ్లోని హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర బాయిలరు, మధ్యలో ఆవిరి రోలర్లు, ఇంకో చివర మడత బల్లలు. గోడలకున్న పెద్ద ఫ్యాన్లు ఆ ఆవిరినే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తోస్తుంటాయి. రోలరు లోంచి వచ్చే దుప్పటిని చల్లారనివ్వకుండా మడవాలి. చల్లారితే ముడతలు పడతాయి.

మూడు నెలలకోసారి నేను అక్కడికి వెళ్లి అందరి దగ్గరా రక్తం తీసేదాన్ని. నన్ను చూడగానే పిన్ని గొంతు షెడ్డంతా వినిపించేది.

“వచ్చిందమ్మా రక్తాల పిల్ల! పోయినసారి పట్టుకెళ్లింది తిరిగిచ్చాకే కొత్తది.”

“పిన్నీ, ఒక్క సూదే.”

“నీ సూదికి తగలడానికి నా ఒంట్లో ఏముందే, ఆవిరి తప్ప? తియ్యి, తియ్యి. ఇస్త్రీ చేసిన రక్తం ఎవరికొస్తుంది.”

ఆ సీసాల్లో ఏం కనిపించేదో చెప్పాలి. ముప్పై ఏళ్ల మనిషి కిడ్నీలు అరవై ఏళ్లు పనిచేసి అలిసిపోయినట్టు ఉండేవి. షుగరు లేదు, బీపీ లేదు. రోజూ చెమటకి పోయిన నీళ్లు రోజూ తిరిగి రాకపోవడమే జబ్బు. నేను అంకెల కింద ఎర్ర పెన్నుతో గీసి డాక్టరుగారికి ఇచ్చేదాన్ని. ఆయన “నీళ్లు ఎక్కువ తాగాలి, ఎండలో పని తగ్గించుకోవాలి” అని రాసేవారు. రాసి, ఆ చీటీని కాసేపు చూస్తూ కూచునేవారు.

పోయిన ఏడాది ఏప్రిల్లో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. డాక్టరుగారు హాల్లో నిలబడి బిగ్గరగా చదివారు. ఒక వార్డులో ఒకే వేసవిలో ముగ్గురు ఎండదెబ్బతో పోయినట్టు రుజువైతే, అక్కడ వేడిలో పని జరిగే చోట్లన్నిటినీ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మూయిస్తారు. జనరేటరుతో నడిచే చల్లగది ఒకటి తెరుస్తారు. రుజువంటే, మనిషిని చల్లబరచడం మొదలుపెట్టక ముందు ఒంటి వేడి రెండుసార్లు తియ్యాలి. రెండిటికీ మధ్య రెండు నిమిషాల తేడా ఉండాలి. రెండుసార్లూ నలభై డిగ్రీలు దాటాలి. తీసింది డాక్టరో నర్సో అయ్యుండాలి.

“అంటే ముగ్గురు పోయేదాకా మనం ఏం చెయ్యాలిట?” అన్నారు ఆయన కళ్లజోడు తీసి.

“చూస్తూ ఉండాలి కాబోలు,” అంది అక్క.

“చూస్తూ కాదక్కా, కొలుస్తూ.”

ఇద్దరూ నవ్వారు. కర్టెన్ వెనక నేనూ నవ్వాను.

మే మొదటి వారంలో ఒక తాపీమేస్త్రీ పోయాడు. రెండో వారంలో ఒక వాచ్‌మన్ పోయాడు. ఇద్దర్నీ ఎవరో ఆటోలో పడేసి తిన్నగా క్లినిక్కుకి తెచ్చారు. దార్లో ఎవరూ నీళ్లు చల్లలేదు. బల్ల మీద పడుకోబెట్టగానే అక్క థర్మామీటరు పెట్టింది, నేను బకెట్లు నింపే లోపల రెండో అంకె కూడా వచ్చేసింది. రెండు కాగితాలు వెళ్లాయి. రెండూ ఒప్పుకున్నారు.

మూడోవాడు లాండ్రీలో రోలరు దగ్గర పనిచేసే పొడుగాయన. అతను పడిపోయినప్పుడు అక్క ఆ పక్క ఇంట్లోనే ఉంది. పరిగెత్తింది. జిప్పు లాగింది. చేతికి సీసా తగిలింది. నెత్తి మీద, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసింది, తడి తువ్వాలు కప్పింది, అట్టముక్కతో విసిరించింది, కాళ్లు పైకెత్తించింది. ఇరవై రెండేళ్లుగా చేతులు నేర్చుకున్న పని అది. అంతా అయ్యాక గుర్తొచ్చి థర్మామీటరు పెట్టింది. ముప్పై తొమ్మిది పాయింట్ రెండు.

పొడుగాయన మర్నాడు పొద్దున పోయాడు. కాగితం వెళ్లింది. పది రోజుల తర్వాత జవాబొచ్చింది: “చల్లబరచక ముందు తీసిన ఉష్ణోగ్రత లేనందున ఎండదెబ్బగా పరిగణించలేము. మరణ కారణం: గుండె ఆగిపోవడం.”

ఆ మాట అక్క ఇంటికెళ్లి చెప్పిందిట. మర్నాడు రక్తం తియ్యడానికి వెళితే పిన్ని నాతో అంది:

“ఏమే రక్తాల పిల్లా, నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు. గుండె ఆగకుండా పోయినవాడు ఎవడైనా ఉన్నాడా ఈ లోకంలో?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పొడుగాయన రోలరు దగ్గర అప్పటికే కొత్త మనిషి ఉన్నాడు. అతనూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

అక్క మాత్రం నవ్వలేదు. వారం రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం కర్టెన్ పక్కకి తోసి నా ఎదురుగా స్టూలు మీద కూచుంది.

“నేను నీళ్లు పొయ్యకుండా ఉంటే ఈపాటికి ఆ షెడ్డు మూయించేవాళ్లు. అవునా?”

“అవును.”

“పోసినా పోయాడు కదా.”

“అవునక్కా.”

అప్పుడన్నాను నేను. “థర్మామీటరు పైన పెట్టుకో అక్కా. సీసా కింద పెట్టు. చెయ్యి దేనికి తగిలితే దాన్నే తీస్తుంది.”

ఈ మాట నేను ఆ షెడ్డులో వాళ్ల కోసమే అన్నానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. చల్లగది తెరవబోయేది మా వీధి చివర స్కూల్లో. మా పాపకి అప్పుడు తొమ్మిది నెలలు. మెడ మడతల్లో చెమటకాయలు పగిలి ఎర్రగా ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా తడిగుడ్డ మీద పడుకోబెట్టి, పాప ఉచ్చ పోసి రోజుకి ఎన్ని గుడ్డలు తడిపిందో గోడ మీద గీతలు పెట్టేదాన్ని. ఆరుకి తగ్గితే నాకు అన్నం సహించేది కాదు. “పిల్లల్ని మేమూ పెంచాం, ఇలా గోడలు గీసుకుంటూ కూచోలేదు,” అనేది మా అత్తగారు. ఆవిడ పెంచినప్పుడు ఈ ఎండలు లేవు. ఆ చల్లగది నాకు కావాలి. మూడో అంకె నాకు కావాలి. అది ఒక మనిషి అన్న సంగతి నేను తలుచుకోలేదు.

ఆ వారమంతా అక్క నా చంకలో థర్మామీటరు పెట్టి అలవాటు చేసుకుంది. జిప్పు, థర్మామీటరు, అది కుయ్‌మనే కూత, అంకె, గడియారం, రెండు నిమిషాలు, మళ్లీ కూత, అంకె. ఆ తర్వాత సీసా. మొత్తం నాలుగు నిమిషాలు పట్టేది.

“ఈ నాలుగు నిమిషాల్లో లోపల ఏమవుతుంది?” అనడిగింది ఒకసారి.

“నాలుగు నిమిషాలే కదక్కా,” అన్నాను.

నాకు తెలుసు. నలభై ఒకటి దాటిన ఒంట్లో మెదడు, కాలేయం, కిడ్నీలు అన్నీ ఒకేసారి చెడిపోతుంటాయి. ఎంత త్వరగా చల్లబరిస్తే అంత మిగులుతారు. నేను చదివిన పుస్తకంలో ఆ పాఠం మొదటి వాక్యమే అది. ఆమెకీ తెలుసు, నాకంటే బాగా తెలుసు. ఏమీ కాదని నేనంటే వినాలని అడిగింది. నేను ఏమీ కాదన్నట్టే చెప్పాను.

పిన్ని సంచీ చూసి పట్టేసింది. ఆ రోజు నేను వాళ్ల గదిలోనే ఉన్నాను, పిన్నికి రక్తం రిపోర్టు ఇవ్వడానికి వెళ్లాను. గోడ మీద వేడి నలభై రెండు. పిన్ని కిందే నేల మీద తడిచీర పరుచుకుని కూచుంది.

“ఇదేంటే, నీళ్ల సీసా అడుక్కి పోయింది?”

అక్క చెప్పింది. పిన్ని అంతా విని చెంప మీద వేలు పెట్టుకుంది.

“బాగుంది మీ వైద్యం. మనిషి కిందపడి కొట్టుకుంటుంటే మీరు అంకెలు చదువుకుంటారా?”

“లెక్కలోకి రావాలి కదా పిన్నీ. ముగ్గురైతే షెడ్డు మూస్తారు. నీకే మంచిది.”

“నేను పడితే మాత్రం ముందు నా మొహాన నీళ్లు కొట్టవే తల్లీ. లెక్కలోకి రాకపోతే పీడా పోయింది. బతికుండగా ఎప్పుడొచ్చాను గనక.”

“నువ్వు పడవు. ఆ పని మానెయ్యి అంటే వినవు కదా.”

“మానేసి ఎక్కడ కూచోను? ఈ రేకు కిందా? అక్కడైతే కనీసం తిట్టుకోవడానికి నలుగురుంటారు.” నా వైపు తిరిగింది. “ఏమన్నాయి నా కిడ్నీలు?”

“నీళ్లు తాగమన్నాయి పిన్నీ.”

“అవి కూడా మీ అక్కలాగే. పొద్దస్తమానం ఒకటే పాట.”

జూన్ మొదటి శనివారం. మబ్బు జాడ లేదు. మధ్యాహ్నం రెండున్నరకి క్లినిక్కు ఫోను మోగింది. లాండ్రీ సూపర్వైజరు. “మడతల దగ్గర ఒకావిడ పడిపోయింది, నర్సుని పంపండి.” ఎవరని డాక్టరుగారు అడిగే లోపల పెట్టేశాడు. హాలు నిండా వాంతులు, జ్వరాల పిల్లలు. ఆయన లేవలేరు. అక్క సంచీ తీసుకుంది, రక్తం తియ్యాలేమోనని నేను ఆమె వెంట వెళ్లాను. నడిస్తే ఏడు నిమిషాలు. మేము నడవలేదు. మడతల దగ్గర పదకొండుమంది ఆడవాళ్లు పనిచేస్తారు. నేను దార్లో ఆ పదకొండుమంది మొహాలూ తలుచుకున్నాను. ఆమె కూడా తలుచుకునే ఉంటుంది.

షెడ్డు తలుపు దగ్గర్నుంచే కనిపించింది. పిన్ని బల్ల కింద వెల్లకిలా పడి ఉంది. చర్మం పొడిగా, ఎర్రగా ఉంది. చెమట చుక్క లేదు. ఇద్దరాడవాళ్లు అప్పుడే బాయిలరు పక్క కుళాయి నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చి ఎత్తబోతున్నారు.

అక్క మోకాళ్ల మీద కూలబడింది. జిప్పు లాగింది. చేతికి థర్మామీటరు తగిలింది.

“ఆగండి,” అంది. “నీళ్లు పొయ్యకండి.”

ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. బకెట్లు ఆగిపోయాయి.

మొదటి కూత. నలభై ఒకటి పాయింట్ ఆరు. నేను రాశాను. అక్క గడియారం వైపు చూసింది. పిన్ని కుడిచెయ్యి నేల మీద కదులుతోంది, అంచు పట్టుకుని, మధ్యకి తెచ్చి, నొక్కి, మళ్లీ అంచు పట్టుకుని. దుప్పటి మడుస్తోంది.

“పొయ్యక్కా నీళ్లు! మీ పిన్నే కదా, ఎవరి కోసం ఆగావు?” అని బకెట్టు పట్టుకున్నావిడ ఏడుస్తూ అరిచింది. బకెట్టు అంచు నుంచి నీళ్లు ఆమె కాళ్ల మీదే కారుతున్నాయి. “నువ్వైనా చెప్పవేం అమ్మాయ్?”

నేను చెప్పలేదు. నా చేతిలో పెన్ను ఉంది. రెండు నిమిషాలు ఎంతసేపుంటాయో నాకు ఆ రోజు తెలిసింది. రోలరు ఆపలేదు ఎవరూ. మడవకుండా వదిలేసిన దుప్పట్లు దాని నోట్లోంచి వచ్చి నేల మీద కుప్ప పడుతున్నాయి.

రెండో కూత. నలభై ఒకటి పాయింట్ తొమ్మిది.

అప్పుడు పోశారు. రెండు బకెట్లు, ఆ తర్వాత పది బకెట్లు. అక్క తడి దుప్పట్లు చుట్టింది, విసిరింది, పిలిచింది. “పిన్నీ, పిన్నీ, కళ్లు తెరువు. తిట్టవే నన్ను, తిట్టు.” ఆంబులెన్సు అరగంటకి వచ్చింది.

ఆదివారం పొద్దున పది గంటలకి పెద్దాస్పత్రిలో పిన్ని పోయింది. కళ్లు తెరవలేదు.

కాగితం డాక్టరుగారే నింపారు. “మరణ కారణం: ఎండదెబ్బ” అని రాసి సంతకం పెట్టారు. “ఇంత శుభ్రంగా ఉన్న కేసు పంపడం ఇదే మొదలు,” అన్నారు. అన్న వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నారు. అక్క ఎదురుగానే ఉంది.

“పంపండి సార్,” అంది.

ఆర్డరు పదిహేడు రోజులకి వచ్చింది. షెడ్డు పన్నెండింటికి మూశారు. స్కూల్లో రెండు గదులు కలిపి, కిటికీలకి గోనెపట్టాలు కట్టి, పెద్ద మిషన్లు రెండు పెట్టి, గుమ్మం మీద బోర్డు వేశారు. నేను పాపని ఎత్తుకుని వెళ్లాను. ఆ పొద్దున్నే మొదటి వాన పడి, బయటే చల్లగా ఉంది. లోపల ఎవరూ లేరు. తాళాలు పెట్టుకుని కూచున్న గుమాస్తా నన్ను చూసి, “ఇంకెందుకమ్మా, వానలొచ్చేశాయి. ఈ నెలాఖరుకి ఎత్తేస్తారు,” అన్నాడు.

“మళ్లీ వచ్చే వేసవికి తెరుస్తారు కదా?”

“వచ్చే వేసవి లెక్క వచ్చే వేసవిదే. మళ్లీ ముగ్గురు కావాలి.”

ఆ గుమాస్తా మాట అక్కకి నేనే చెప్పాల్సి వచ్చింది. విని తలూపింది, రేషన్ షాపు ఇవాళ లేదని చెబితే ఊపినట్టు. నా ఎదురుగా స్టూలు మీద కూచుని అడిగింది.

“నువ్వు సైన్సు చదివావు. నిజం చెప్పు. ఆ నాలుగు నిమిషాలు లేకపోతే బతికేదా?”

“అరవై ఒకటి అక్కా. కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయి. మనం వెళ్లేటప్పటికే చాలాసేపయింది. తేడా ఉండేది కాదు.”

“అక్కడ నాకు పిన్ని కనపడలేదే. రెండు నిమిషాల దాకా కేసే కనపడింది.” తన చేతులు చూసుకుంది. “అదే నీ పాపయితే ఆగేదానివా?”

నేను మిషను వైపు తిరిగి ఏదో బటను నొక్కాను. ఆమె లేచి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న ఇప్పటికీ ఆ స్టూలు మీదే ఉంది.

ఈ ఏడాది ఎండలు పన్నెండు రోజులు ముందే మొదలయ్యాయి. అక్క డాబా మీది గదిలోనే ఉంటోంది, ఒక్కతే. గోడ వేడి రాసుకోవడం మానేసింది. మార్చి చివర్లో ఒక రోజు నా బల్ల మీద ఒంటి థర్మామీటరు కేసు పెట్టింది.

“ఇది నీ దగ్గరుంచు. కేసు వస్తే నాతో రా. అంకె నువ్వు తియ్యి. నేను నీళ్లు పోస్తాను.”

“ముందు ఏది అక్కా?”

“నువ్వే చెప్పు. ఆగమనాల్సింది నువ్వే ఇక.”

“నేను తీస్తే వాళ్లు ఒప్పుకోరు కదా. నర్సో డాక్టరో అయ్యుండాలి.”

“సంతకం నేను పెడతాలే.”

ఏప్రిల్ రెండో వారంలో పార్సిళ్లు మోసే కుర్రాడొకడు స్కూలు గోడ పక్కనే పడిపోయాడు. ఇరవై ఆరేళ్లు. ఆ గోడకి పోయిన ఏడాది బోర్డు కొట్టిన మేకులు ఇంకా ఉన్నాయి. అక్క ఇప్పుడు సీసాని సంచీలో పెట్టదు, చేత్తోనే పట్టుకుని తిరుగుతుంది. అతని పక్కన కూచుని మూత తీసింది. తీసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నా మొహం చూసింది.

మా ఇల్లు అక్కడికి నలభై అడుగుల దూరం. కిటికీలోంచి పాప ఏడుపు వినిపిస్తోంది, కరెంటు లేదు. మూడు అంకెల్లో ఒకటి. నా గుప్పిట్లో థర్మామీటరు కేసు చెమటకి జారుతోంది.

నేను కేసు తెరవలేదు.

అతను బతికాడు. మూడో రోజు అతని రక్తం నా మిషను మీదికి వచ్చింది. కిడ్నీ అంకె నాలుగు దాటింది. ఒకటి ఉండాల్సిన చోట నాలుగు. ఎర్ర పెన్నుతో గీసి డాక్టరుగారికి ఇచ్చాను. ఆయన “నీళ్లు ఎక్కువ తాగాలి, ఎండలో పని తగ్గించుకోవాలి” అని రాశారు. ఆ కుర్రాడు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, “పనిలోకి ఎప్పుడు వెళ్లొచ్చండీ?” అని అడిగాడు.

మే నెల ఇంకా మొదలవలేదు. స్కూలు గదులకి తాళం వేసి ఉంది. షెడ్డు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తోంది, పిన్ని బల్ల దగ్గర ఇప్పుడు ఇద్దరున్నారు. హాల్లో గోడకి తగిలించిన కాగితంలో మా వార్డు పేరుకి ఎదురుగా ఈ ఏడాది లెక్క రాసి ఉంది. సున్నా.